తెలుపు ఎక్కడుందో చూడండి

ప్రశ్న: చెట్టు కింద ఒక ఈక దొరికింది. పొడవు 11 సెంటీమీటర్లు. ముదురు గోధుమ, దాదాపు నలుపు. మొదలు నుంచి మూడో వంతు దాకా మాత్రం తెల్లగా ఉంది. ఈనెకు ఒక పక్క సన్నగా, మరో పక్క వెడల్పుగా ఉంది. ఫోటో తీసి యాప్‌లో పెడితే మూడు వేర్వేరు పేర్లు చెప్పింది. ఇది ఏ పక్షిది?

జవాబు: గోరింకది. రంగు చూడకముందే ఈక ఒంట్లో ఏ చోటిదో తేల్చుకుంటే సగం పని అయిపోతుంది. ఒక పక్క బాగా సన్నగా ఉందన్నారు కదా, అది ఎగిరేటప్పుడు గాలిని చీల్చుకుపోయే అంచు. అంటే రెక్క చివరి భాగంలోని పొడవాటి ఈక. ఒంటికి దగ్గరగా ఉండే రెక్క ఈకల్లో రెండు పక్కల తేడా తగ్గి, వంపు పెరుగుతుంది. తోక మధ్య ఈకల్లో రెండు పక్కలూ సమానం. మొదట్లో మెత్తటి నూగుండి, ఈక అంతా వదులుగా ఉంటే ఒంటిమీది ఈక. దాన్నిబట్టి పేరు చెప్పడం చాలాసార్లు కుదరదు.

ఏ రెక్కదో కూడా చెప్పవచ్చు. ఈనెలో సన్నటి గాడి కనిపించేది అడుగు వైపు. పైవైపు మీకు కనబడేలా, కొన పైకి ఉండేలా పట్టుకోండి. సన్నటి అంచు ఎడమకు వస్తే కుడి రెక్కది, కుడికి వస్తే ఎడమ రెక్కది.

ఇక రంగు. గోరింక ఎగిరినప్పుడు రెక్కల్లో మెరిసే తెల్ల మచ్చ మీ ఈకలోని తెలుపే. తెలుపు మొదట్లో కాక కొనన ఉంటే అదే గోరింక తోక ఈక అయ్యే అవకాశం ఎక్కువ. నల్లటి ఈకలో తెలుపు అడ్డపట్టీగా ఉంటే కూకుడు గువ్వను అనుమానించాలి. కాకి పిల్లదేమో అనుకునేవాళ్లున్నారు గానీ, కాకి రెక్క పొడవాటి ఈకలు 20 సెంటీమీటర్లు దాటుతాయి, వాటిలో ఇలాంటి తెలుపూ ఉండదు. ఒక్క హద్దు మాత్రం ఉంది: అడవి గోరింకకూ ఇలాంటి మచ్చే ఉంటుంది, ఒక్క ఈకతో ఆ రెంటినీ విడదీయలేం.

యాప్‌ తికమకపడకూడదంటే నీడలో, తెల్ల కాగితం మీద, పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటో తీయండి. చిందరవందరైన ఈకను మొదలు నుంచి కొన వైపు వేళ్లతో దువ్వితే పోగుల కొక్కేలు జిప్పులా మళ్లీ అతుక్కుంటాయి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ఈకను ఇంటికి తెచ్చుకోకపోవడమే మేలు. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకోదు. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం రాలిపడిన ఈకకూ వర్తిస్తుంది.

ప్రశ్న: నీలి ఈకను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే నీలం పోయి గోధుమ రంగు కనిపించింది. పాడైందా?

జవాబు: లేదు. పక్షి ఈకల్లో నీలం రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు. పోగుల్లోని అతిసూక్ష్మ గాలి గదులు నీలి కాంతిని వెనక్కి చిమ్మడం వల్ల వస్తుంది. వెలుతురు వెనకనుంచి వస్తే, లోపలున్న గోధుమ రంగు పదార్థమే కనిపిస్తుంది. వెలుతురు మీ వీపు వైపు ఉండేలా నిలబడి చూడండి. ముదురు నీలం, లేత నీలం పట్టీలుగా కనిపిస్తే పాలపిట్ట ఈక కావచ్చు.