నీ మూడు సీడర్ పలకల గురించి

తల్లీ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చదివాను. బట్టల పెట్టె చేద్దామని మూడు పలకలు కొన్నావు, మూడింటినీ సీడర్ చెక్క అనే అమ్మారు. తీరా చూస్తే ఒకటి ఊదా రంగు, మధ్యలో తెల్ల చారలు. ఒకటి గోధుమ రంగులో బెండులా తేలిగ్గా ఉంది. మూడోది పసుపు పచ్చగా ఉండి ఏదో పచ్చి కూర వాసన కొడుతోంది. "మామయ్యా, వీటిలో అసలు సీడర్ ఏది?" అని అడిగావు.

ఒక్కటీ కాదు. అలాగని నిన్నెవరూ మోసం చెయ్యలేదు, కంగారు పడకు.

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అని సామెత ఉందిగా. సీడర్ కూడా అలాంటి ఇంటిపేరే. కాకపోతే ఇక్కడ ప్రతి ఇంట్లోనూ మంచి వాసనే వస్తుంది, చిక్కంతా దాంతోనే. అమెరికా ఖండానికి వలస వెళ్లిన యూరప్ వాళ్లు, ఘాటుగా వాసన వేసి తొందరగా పుచ్చని చెక్క ఎక్కడ కనిపించినా దానికి సీడర్ అని పేరు పెట్టేశారు. వృక్షశాస్త్రం ప్రకారం అసలు సీడర్లు సెడ్రస్ అనే జాతివి. హిమాలయాల్లో పెరిగే దేవదారు, లెబనాన్ సీడర్, అట్లాస్ సీడర్, సైప్రస్ దీవిలో ఉండే ఇంకొకటి, అంతే. ఇవి పైన్ కుటుంబం. ఈజిప్టులో పెద్ద పిరమిడ్ పక్కన గోతిలో 1954లో బయటపడిన ఖుఫు పడవ ఈ లెబనాన్ సీడర్‌తో చేసిందే. నాలుగున్నర వేల ఏళ్లు నిలిచింది.

నీ దగ్గరున్న మూడూ సైప్రస్ కుటుంబం చెట్లు (దీవి కాదు, చెట్టు పేరు). ఇక స్పానిష్ సీడర్ అని ఇంకొకటి తగులుతుంది. అది స్పెయిన్‌దీ కాదు, సీడరూ కాదు. మన వేప, మహాగని ఉన్న కుటుంబంలోది. వేపకు చుట్టమైన చెట్టుకి సీడర్ అని పేరెట్టారంటే పేరుని ఎంతవరకు నమ్మాలో నువ్వే చూసుకో. అందుకే ఈసారి కొనేటప్పుడు లాటిన్ పేరు అడుగు. అమ్మేవాడు చెప్పలేకపోతే తప్పేం లేదు, అప్పుడు నీ ముక్కు, నీ గోరు, ఒక పదునైన ఉలి ఉంటే చాలు.

ముందు ఒక పని చెయ్యి. పలక పై మొహం చూసి ఏదీ తేల్చకు. ఎండా గాలీ తగిలిన ఏ సీడరైనా కొన్నాళ్లకి ఒకే బూడిద గోధుమ రంగుకి వచ్చేస్తుంది, వాసన కూడా పోతుంది. చివర్న అరంగుళం కోసి పారేసి, ఆ అడ్డకోత మీద బాగా నూరిన ఉలితో పల్చగా ఒక పొర తియ్యి. మొద్దు ఉలి అయితే మెత్తటి చెక్క నలిగిపోయి ఏమీ కనిపించదు. కోసిన చోట కాస్త తడి చేసి, ముక్కు దగ్గర పెట్టుకో. తర్వాత పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడు.

ఊదా రంగుది తేలిక. అది ఈస్టర్న్ రెడ్ సీడర్, జునిపెరస్ వర్జీనియానా. పేరులో సీడర్, నిజానికి జునిపర్. చేవ ఊదా కలిసిన ఎరుపు, చుట్టూ ఉండే తెల్ల చెక్క మీగడ రంగు, రెండూ ఒకే పలకలో చారలుగా కలిసి ఉంటాయి. ముడులు లేని పెద్ద పలక దొరకడం కష్టం. వాసన చూడగానే చిన్నప్పుడు పెన్సిల్ చెక్కిన రోజులు గుర్తొస్తే అది సరైన గుర్తే. ఒకప్పుడు పెన్సిళ్లు దీంతోనే చేసేవాళ్లు. ఆ చెట్లు తగ్గిపోయాక ఇన్సెన్స్ సీడర్ అనే ఇంకో దానికి మారారు. ఆ వాసనా దీనికి దగ్గరగానే ఉంటుంది, కానీ చెక్క బాగా తేలిక, ఊదా రంగు ఉండదు.

గోధుమ రంగుది వెస్టర్న్ రెడ్ సీడర్, తూజా ప్లికాటా. బొటనవేలి గోరు గట్టిగా నొక్కి చూడు, గాటు పడిపోతుంది. ఈస్టర్న్ మీద అంత సులువుగా పడదు. ఒకే పలకలో గులాబీ ఛాయ దగ్గర్నుంచి కాఫీ రంగు దాకా ఉండొచ్చు. అడ్డకోతలో ఒక్కో ఏటి వలయంలో వెడల్పాటి లేత పట్టీ, దాని చివర సన్నటి ముదురు గీత, ఆ మార్పు గీత గీసినట్టు ఒక్కసారిగా ఉంటుంది. దీన్ని రెడ్‌వుడ్ అనుకుని పొరబడేవాళ్లు ఉన్నారు. రెడ్‌వుడ్‌కి వాసన ఉండదు, అదే తేడా.

పసుపుది బహుశా అలాస్కా ఎల్లో సీడర్. తాజాగా కోసినప్పుడు పచ్చి బంగాళాదుంప వాసన వేస్తుంది, నువ్వన్న పచ్చి కూర అదే అయ్యుండాలి. ఒకవేళ అల్లంలా ఘాటుగా ఉంటే అది పోర్ట్ ఆర్ఫర్డ్ సీడర్. బాణాలకి పుల్లలు చెయ్యడానికి దానికి పేరు. రంగు చూసి ఈ రెండిటినీ విడదీయడం నావల్ల కూడా కాదు, ముక్కే దిక్కు.

ముక్కు మీద నమ్మకం లేకపోతే నీళ్ల పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టం. పలకలోంచి ముడి లేకుండా, మొదలు నుంచి చివర దాకా ఒకే మందంలో 20 సెంటీమీటర్ల పుల్ల కొయ్యి. పెన్సిల్‌తో కింది చివర నుంచి ప్రతి 2 సెంటీమీటర్లకీ ఒక గీత పెట్టు, పది గళ్లు వస్తాయి. పొడవాటి సన్న గ్లాసు జాడీలో నీళ్లు పోసి పుల్లని నిలువుగా వదులు. అంచుకి ఆనుకోకుండా చూసుకో, చెక్క నీళ్లు పీల్చక ముందే చదివెయ్యి. బాగా ఆరిన వెస్టర్న్ రెడ్ నాలుగో గీత దాకా కూడా మునగదు, ఘనమీటరు సుమారు 370 కిలోలే కాబట్టి. ఎల్లో సీడర్ ఐదో గీత దగ్గర ఆగుతుంది. ఈస్టర్న్ రెడ్ ఐదు దాటుతుంది. దేవదారు దానికంటే ఇంకాస్త కిందికి వెళ్తుంది. నార్తర్న్ వైట్ సీడర్ అని ఒకటుంది, పడవలకి వాడతారు, అది అన్నిటికంటే పైనే తేలుతుంది. పచ్చి చెక్కతో మాత్రం ఈ పరీక్ష చెయ్యకు, లోపలున్న తేమ బరువుకి లెక్క తప్పుతుంది.

స్పానిష్ సీడర్‌ని పట్టుకోవడానికి ఇవేమీ అక్కర్లేదు. అది హార్డ్‌వుడ్, అంటే వెడల్పాటి ఆకులుండే చెట్టు చెక్క. అడ్డకోతలో సూదితో పొడిచినట్టు రంధ్రాలు కంటికే కనిపిస్తాయి. మిగతా సీడర్లలో భూతద్దం పెట్టినా అలాంటి రంధ్రాలు ఉండవు. సిగార్ పెట్టెల వాసన దానిదే. 2020 నుంచి అది అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్న జాబితాలో ఉంది, కాబట్టి కొంటే కాగితాలు అడుగు. దేవదారు సంగతంటావా, చెక్క లేత పసుపు కలిసిన గోధుమ రంగు, చేతికి కొంచెం నూనెగా తగులుతుంది. అయితే దేవదారు అన్న మాటని మనవాళ్లు రెండు మూడు వేరే చెట్లకి కూడా వాడతారు, ఆ పేరు విని కూడా తేల్చెయ్యకు.

ఇప్పుడు నీ బట్టల పెట్టె. దానికి ఊదా పలకే వాడు. గోధుమ రంగుది వాడితే మూలలు రోజూ తగిలే దెబ్బలకే నొక్కుకుపోతాయి. నేనోసారి దాంతో రాత బల్ల చేశాను. నెల తిరక్కుండానే పెన్ను రాసిన ప్రతి అక్షరం చెక్కలో దిగింది. మా బాబు లెక్కలు ఇప్పటికీ చదవొచ్చు. ఆ పలకని బయట వాన తగిలే చోట, అరుగు బెంచీకో కంచెకో దాచు. అది గిటార్‌కి కూడా బావుంటుంది, 1960ల్లో స్పెయిన్‌లో హోసే రమిరెస్ గిటార్ల పైపలకకి వాడటం మొదలెట్టాక చాలామంది అదే దారి పట్టారు. పసుపుది మంచి చెక్క, దాన్ని తొందరపడి కొయ్యకు.

పెట్టె లోపల వార్నిష్ వెయ్యకు. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. నేను చేసిన మొదటి పెట్టెకి లోపలా బయటా మెరిసేలా కొట్టాను. మూత మూసి ఉంచితే చెక్కలోని నూనె ఆవిరికి లోపలి పూత మెత్తబడి జిగటగా తయారైంది. శాలువా అంటుకుపోయింది, ఊడదీస్తే చిరిగింది. ఎవరి శాలువానో చెప్పను, మీ అత్తయ్య ఈ ఉత్తరం చదువుతుంది. బయట వేసుకో, లోపల వట్టి చెక్కే ఉండనీ. వాసన తగ్గినప్పుడు సన్న సాండ్‌పేపర్‌తో ఓసారి రుద్దితే మళ్లీ వస్తుంది. ఆ వాసనకి పురుగులన్నీ చస్తాయనుకోకు, బట్టలు ఉతికి ఆరబెట్టే పెట్టాలి.

వెస్టర్న్ రెడ్ వాడే రోజున మామూలు ఇనప మేకులు కొట్టకు. తేమ తగిలితే చెక్కలో ఉన్న పదార్థాలూ ఇనుమూ కలిసి నల్ల మరకలు కారతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ వాడు. జిగురు తడిగా ఉన్నప్పుడు ఇనప క్లాంపు నేరుగా ఆనినా అదే గీత పడుతుంది, మధ్యలో కాగితం పెట్టు. దాని రంపపు పొట్టుతో ఇంకా జాగ్రత్త. అందులో ప్లికాటిక్ యాసిడ్ అని ఉంటుంది, దానివల్ల రంపం మిల్లుల్లో పనిచేసేవాళ్లకి ఉబ్బసం వచ్చింది. నీకు చిన్నప్పుడు ఆయాసం ఉండేది, నాకు గుర్తుంది. గుడ్డ కట్టుకోవడం చాలదు, సరైన మాస్కు పెట్టుకుని, కిటికీ తెరిచి చెయ్యి.

నీళ్ల పరీక్ష చేశాక పుల్ల ఎన్నో గీత దగ్గర ఆగిందో రాయి. పసుపు పలక అడ్డకోత ఫోటో తీసి పంపు, పక్కన స్కేలు పెట్టి తియ్యి. ఉలి నూరి కొయ్యడం మాత్రం మర్చిపోకు, కిందటిసారి నువ్వు పంపిన ఫోటోలో చెక్క కంటే ఉలి గాట్లే ఎక్కువ కనిపించాయి.

నీ
మామయ్య