రాడ్డు తర్వాత కొనొచ్చు, ముందు నీళ్లు చూడండి

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యాననీ, చెరువుల్లో గాలం వేసిన అలవాటుందనీ, బీచ్‌లోనూ జెట్టీ మీదా చేపలు పట్టాలంటే ఏ రాడ్డు కొనాలనీ అడిగారు. నేనూ చెరువు సామానుతోనే మొదలుపెట్టానండీ. అందుకే రాడ్డు సంగతి చివర్లో చెప్తాను.

నా మొదటి రోజు రుషికొండ దాటాక మంగమారిపేట దగ్గర. ఆరడుగుల రాడ్డు, బెండు, గోధుమపిండి ముద్ద. పిండి నీళ్లలో పడీ పడకముందే ఊడిపోయింది. బెండుని మొదటి అలే తెచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది. బెండు పీకేసి, ఉన్న సీసం గుండ్లన్నీ కట్టి, ఒంట్లో బలమంతా పెట్టి రెండు గంటలు విసిరాను. పక్కన వల బాగుచేసుకుంటున్న తాత చూసి చూసి, "బాబూ, అంత దూరం ఇసరకు. సేప నీ కాళ్ల కాడే తిరుగుతాది" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. ఆయన లేచొచ్చి వేలు పెట్టి చూపించాడు. అల ఎక్కడ విరిగి తెల్లగా నురగ కడుతోందో అక్కడ ఇసుక దిబ్బ ఉంది, లోతు లేదు. ఆ దిబ్బకీ ఒడ్డుకీ మధ్య పట్టీలాగా కొన్ని నీళ్లు నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో ఉన్నాయి. అది గుంట. అలలు ఇసుకని కెలికితే బయటపడే పురుగులూ చిన్న పీతలూ ఆ గుంటలోకి చేరతాయి, వాటి కోసం చేపలొస్తాయి. ఒడ్డుకి ముప్పై నలభై అడుగుల దూరం, అంతే. నేను రెండు గంటలూ దాని మీదుగా దిబ్బ మీదకి విసురుతున్నానన్నమాట.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, సముద్రం వెనక్కి తగ్గే వేళ, అంటే పాటు వేళ, ఓ రోజు ఉత్త చేతులతో వెళ్లి నడవడం. నీళ్లు తగ్గినప్పుడు గుంటలూ దిబ్బలూ రాళ్లూ తెలిసిపోతాయి. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, నేనిప్పటికీ తీస్తాను, ఎందుకంటే తుఫాను వచ్చిపోయాక అదే బీచ్ వేరే బీచ్ అయిపోతుంది. తర్వాత పోటు ఎక్కుతున్నప్పుడు, అంటే నీళ్లు మళ్లీ ఒడ్డు మీదికి పెరుగుతున్నప్పుడు వెళ్లి అదే గుంటలో వేయండి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. వాటి సమయం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు ఎక్కే వేళ, తెల్లవారుజామో సందె చీకటో కలిసొచ్చిన రోజు సెలవు పెట్టినా నష్టం లేదు. పోటు వేళలూ, పెద్ద అలల హెచ్చరికలూ ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇస్తుంది. తమాషా ఏంటంటే ఆ ఆఫీసు ఉన్నది సముద్రం లేని మీ హైదరాబాద్‌లోనే. హెచ్చరిక ఉన్న రోజు ఇంట్లో కూర్చోండి. మామూలు రోజున కూడా మోకాలు దాటి నీళ్లలోకి దిగొద్దు, సముద్రానికి వీపు పెట్టొద్దు. నురగ లేకుండా ప్రశాంతంగా కనిపించే నీళ్లు కొన్నిచోట్ల లోపలికి లాగే ప్రవాహం కూడా అవుతాయి. చేపకి మంచిచోటు మనిషికి మంచిచోటు కాదు.

ఎరకి పచ్చి రొయ్య చాలు. తోక నుంచి తలవైపు గాలానికి ఎక్కించి, కుట్టు దారంతో నాలుగు చుట్లు చుట్టండి, విసిరినప్పుడు ఊడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజన్ పడవలకి వేట నిషేధం కాబట్టి సముద్రపు రొయ్య అంతగా రాదు, చెరువుల్లో పెంచే వనామీ రొయ్యతో సరిపెట్టుకోవాలి. దారం చివర గుండు, దానికి జానెడు పైన పక్కకి ఒక గాలం. మొదట్లో ఇంతకుమించి ఏ కట్టూ నేర్చుకోనక్కర్లేదు.

పడేవి చాలావరకు జెల్ల చేపలే. అప్పుడప్పుడూ చిన్న పార చేపలు. భీమిలిలో గోస్తని కలిసే చోట పండుగప్ప మీద ఆశతో చాలా ఉదయాలు నిలబడ్డాను, ఇన్నేళ్లలో ఒక్కటి పడింది. జెల్ల గురించి మాత్రం జాగ్రత్తగా వినండి. వీపు మీద ఒకటి, చెవుల పక్కన చెరొకటి, మూడు ముళ్లు నిక్కబొడుచుకుని బిగుసుకుపోతాయి. అంచుకి రంపంలా పళ్లుంటాయి, పైగా విషం. నేను మొదటిదాన్ని చెరువు చేపలాగే గుప్పిట్లో పట్టుకున్నాను. బొటనవేలు మొదట్లో దిగింది. రక్తం రెండు చుక్కలే, నొప్పి మాత్రం భుజం దాకా పాకింది. పక్కన టీ బండి ఆవిడ తట్టుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెట్టించింది, అరగంటకి తగ్గింది. తర్వాత డాక్టరూ అదే సరైన పని అన్నారు, వేడికి ఆ విషం విరుగుతుందట. టీటీ ఇంజెక్షన్ వేసి, ముల్లు ముక్క లోపల మిగిలిందేమో చూశారు. అప్పట్నుంచి నా సంచిలో పొడవు ముక్కు పట్టకారు, పాత తువాలు తప్పనిసరి. గాలిబుడగలా ఉబ్బే చేప పడితే వదిలేయండి, వండుకునేది కాదు.

జెట్టీ మీద పద్ధతి వేరు. పాచీ ఆల్చిప్పలూ పట్టిన స్తంభాల పక్కనే నిలువుగా కిందికి వదలాలి, విసిరే పనే లేదు. రాడ్డు కూడా అక్కర్లేదు. లీటరు నీళ్ల సీసాకి చుట్టిన నైలాన్ దారం చాలు. చూపుడు వేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కోండి, లేకపోతే దారం కోస్తుంది. పోర్టు, నేవీ పరిధిలోకి అడగకుండా వెళ్లకండి. మిగతాచోట్ల కూడా పడవల నుంచి చేపలు దించుతున్నంతసేపు పక్కకి జరగండి, అది వాళ్ల బతుకుతెరువు, మనది కాలక్షేపం.

ఇక రాడ్డు. రెండు మూడు నెలలు సీసా దారంతోనే పట్టండి. అప్పటికీ మోజు తగ్గకపోతే పదడుగుల రాడ్డు, మధ్యస్థం సైజు రీలు, 0.40 మిల్లీమీటర్ల దారం, 60 నుంచి 100 గ్రాముల గుండ్లు. నాకు అన్నీ కలిపి నాలుగు వేల లోపే అయ్యాయి. నా మొదటి రీలు ఉప్పు కడగకపోవడం వల్ల నెలలో బిగుసుకుపోయింది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. మిగిలిన రొయ్యలు ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు మూడు కవర్లు వేయండి. ఒక్క కవరు చాలదని నాకు ఇంట్లో చాలా వివరంగా చెప్పారు.