గోల్ఫ్ రాకపోయినా సతూర్నియాకు వెళ్లండి

సందేహం: మేం రోమ్‌కి కొత్తగా వచ్చాం. మా ఆయన ఆఫీసువాళ్లు వీకెండ్‌కి వేడినీటి బుగ్గల ఊరు సతూర్నియాలో గోల్ఫ్, స్పా పెట్టుకుని కుటుంబంతో రమ్మన్నారు. మాకు గోల్ఫ్ రాదు. నాకు స్విమ్ సూట్ అలవాటు లేదు. ఇద్దరం శాకాహారులం. ఏదో ఒకటి చెప్పి మానేద్దామా?

జవాబు: మానేయకమ్మా, తప్పకుండా వెళ్లు. ఇక్కడివాళ్లు ఆఫీసునీ ఇంటినీ అంత తేలిగ్గా కలపరు. ఇంటిల్లిపాదినీ రమ్మన్నారంటే మీవాళ్లయినట్టే లెక్క.

గోల్ఫ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. అక్కడున్నది 18 హోల్స్ కోర్సు. అలాంటి కోర్సులో ఆడాలంటే క్లబ్బు సభ్యత్వం, హ్యాండిక్యాప్ (ఆటలో మన స్థాయి తెలిపే అంకె) కాగితం చూపించమంటారు, కాబట్టి రానివాళ్లని ఎవరూ బలవంతం చేయరు. మీ ఆయనకి సరదాగా ఉంటే ప్రాక్టీసు మైదానంలో కోచ్‌తో ఒక గంట క్లాసు బుక్ చేసుకోమను. బంతులు, కర్ర వాళ్లే ఇస్తారు. కాలరున్న టీషర్టు వేసుకోవాలి, జీన్స్ వద్దు. పక్కవాళ్లు కొట్టబోతుంటే మాట్లాడకూడదు, ఫోన్ మోగకూడదు.

అక్కడికి జనం వెళ్లేది ప్రధానంగా నీళ్ల కోసం. నేలలోంచి గంధకపు నీళ్లు 37.5 డిగ్రీల వేడితో ఏడాది పొడవునా ఉబికి వస్తూనే ఉంటాయి. రిసార్టు కొలనులోవీ అవే, బయట ములీనో జలపాతాల్లో తెల్లటి రాతి మెట్ల మీంచి జారేవీ అవే. జలపాతాల దగ్గర టికెట్ లేదు.

రిసార్టు కొలనులోకి నైటీ, చుడీదార్, కాటన్ టీషర్టుతో వెళ్తామంటే ఒప్పుకోరు. ఈత బట్టతోనే కుట్టిన పొడుగు చేతుల టాపు, లెగ్గింగ్స్ స్పోర్ట్స్ షాపుల్లో దొరుకుతాయి. అవి వేసుకోవచ్చా అని రిసార్టుకి ముందే మెయిల్ పెట్టు. ముదురు రంగువి కొనుక్కో, గంధకం మరకలు పడితే వదలవు. తలకి టోపీ, కాళ్లకి రబ్బరు చెప్పులు సర్దుకో. ఇటలీ కొలనుల్లో చాలాచోట్ల టోపీ లేనిదే దిగనివ్వరు. ఆవిరి గదిలోకి ఇక్కడ మామూలుగా స్విమ్ సూట్‌తోనే వెళ్తారు, భయపడకు. ఆస్ట్రియా సరిహద్దు వైపు హోటళ్లలోనే ఆ పద్ధతి వేరు.

ఇంకో ముఖ్యమైన మాట. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. పట్టీలు, వెండి మొలతాడు గదిలోనే తీసి పెట్టండి. మెట్టెలు తీయడానికి మనసొప్పకపోతే ఉంచుకో, బొగ్గులా నల్లగా అయినా కంగారుపడకు. ఇంటికొచ్చాక విభూతితో రుద్దితే తెల్లబడతాయి. నీళ్లు గోరువెచ్చగా హాయిగా ఉన్నాయని గంటలకొద్దీ కూర్చోవద్దు. పావుగంటకోసారి బయటికొచ్చి మంచినీళ్లు తాగాలి. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగాకే దిగాలి.

తిండి విషయం బుకింగ్ రోజే చెప్పేయండి. సతూర్నియా ఉన్న మరెమ్మా ప్రాంతం అడవిపంది మాంసానికి పేరుపడింది. పాలకూర, రికోత్తా జున్ను నింపిన తొర్తెల్లీ అనే పాస్తా బాగుంటుంది కానీ మామూలుగా మాంసం సాస్‌తో వడ్డిస్తారు. వెన్న, సేజ్ ఆకుతో చేసివ్వమని అడగండి. అక్వాకొత్తా అనే కూరగాయల సూప్‌లో గుడ్డు కొట్టి వేస్తారు, వద్దనుకుంటే ముందే చెప్పాలి. రాత్రి భోజనం ఏడున్నరకి ముందు దొరకదు, సంచీలో చెగోడీలో మరమరాలో ఉంచుకోండి. బిల్లు తలా సమానంగా వేసుకోవడం ఇక్కడ మామూలే. మీరు మాంసం తినలేదు, వైన్ తాగలేదు అనుకుంటే ఆ మాట బిల్లొచ్చాక కాదు, కూర్చునేటప్పుడే మీ ఆయన నవ్వుతూ చెప్పేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఒరిజినల్ పాస్‌పోర్టులు, పెర్మెస్సో (ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) కార్డు ఇంకా రాకపోతే పోస్టాఫీసు రసీదు దగ్గర ఉంచుకోండి. హోటలువాళ్లు దిగిన ప్రతి ఒక్కరి వివరాలూ పోలీసులకి పంపాలి. ఊరి పన్ను గది అద్దెలో కలవకుండా విడిగా అడగొచ్చు, కొంచెం చిల్లర పట్టుకెళ్లండి.

సతూర్నియాకు రైలు లేదు. స్నేహితుల కారులో వెళ్లడమే మంచిది. మీ ఆయనే నడపాలంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలి. ఇక్కడ నివాసం నమోదై ఏడాది దాటాక మన లైసెన్సు చెల్లదు, మార్చుకోవడానికీ వీల్లేదు, ఇటలీ పరీక్ష పాసవ్వాల్సిందే. రైల్లోనే వెళ్లాలనుకునేవాళ్లకి పాదువా పక్కన మోంతెగ్రోత్తో ఉంది. స్టేషన్ నుంచి వేడినీళ్ల హోటళ్లు దగ్గరే.

మనవాళ్లకి రెండు రోజులు దొరికితే నాలుగు ఊళ్లు చుట్టేయాలని ఉంటుంది. ఈసారి సియెనా, పీసా జోలికి పోవద్దు. శనివారమంతా నీళ్ల దగ్గరే గడపండి. ఆదివారం పొద్దున సముద్రం వైపు ఓర్బెతెల్లోకి దిగితే చాలు. ఉప్పునీటి మడుగు మధ్యలో ఉన్న ఊరది. పక్కనే ఫెనీల్యా ఇసుక తిన్నె మీద పైన్ చెట్ల నీడలో కార్లు లేని దారి ఉంది, అద్దె సైకిళ్ల మీద తిరగొచ్చు. వేసవిలో ఆదివారం సాయంత్రం రోమ్ వైపు అవురేల్యా రోడ్డు నిండిపోతుంది, మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరండి, లేదా రాత్రి తిన్నాకే కదలండి.