హెచ్. పైలోరీ కోర్సు పూర్తయినా మళ్లీ పాజిటివ్: అదే కిట్ ఇంకోసారి వాడొచ్చా?

రెండు వారాల కిట్ ఒక్క పూట కూడా మానకుండా వాడినా టెస్టులో హెచ్. పైలోరీ (కడుపులో పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) పాజిటివ్ అనే వచ్చిందని, అదే కిట్ మళ్లీ కొనుక్కోవచ్చా అని మీరు అడిగారు. వద్దండీ. మా అమ్మకూ ఇలాగే జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఆవిడకు ఎండోస్కోపీలో కడుపులో పుండు, దాంతోపాటు ఈ బ్యాక్టీరియా బయటపడ్డాయి. మొదట ఇచ్చింది మామూలు కిట్టే: క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, యాసిడ్ తగ్గించే మాత్ర. నొప్పి తగ్గింది, ఆకలి పుట్టింది. తీరా టెస్టు చేయిస్తే పాజిటివ్! ఉపశమనం యాసిడ్ మాత్ర వల్లేనట, బ్యాక్టీరియా ఉన్నచోటే ఉంది.

తర్వాత చూసిన డాక్టరు గారు రిపోర్టులకంటే ముందు అడిగింది, "ఇదివరకు ఏ యాంటీబయాటిక్స్ వాడారమ్మా?" అని. దగ్గొస్తే అజిత్రోమైసిన్, విరేచనాలైతే మెట్రోనిడజోల్. ఇవి వాడని ఇల్లు మనలో ఎక్కడుంది చెప్పండి! చిక్కంతా అక్కడే. అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ ఒకే కుటుంబం మందులు. బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోమ్‌కు అతుక్కుని పనిచేస్తాయి. ఆ భాగం తాలూకు జన్యువులో ఒక్క అక్షరం మారినా మందు సరిగా అతుక్కోదు. దగ్గు కోసం మింగిన మాత్ర కడుపులో ఉన్న హెచ్. పైలోరీ మీదా పడుతుంది, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. వాటికి డోసు పెంచినా పెద్దగా లాభం ఉండదు. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెచ్. పైలోరీని 2017లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త మందులు అవసరమైన బ్యాక్టీరియాల జాబితాలో చేర్చింది. మెట్రోనిడజోల్‌కు లొంగని రకాలు మన దేశంలో చాలా ఎక్కువే. కానీ బిస్మత్ అనే మందుతో, మరికొన్నిటితో కలిపి, తగిన డోసులో 14 రోజులు ఇస్తే చాలామందికి పనిచేస్తుంది.

అమ్మకు రెండోసారి రాసింది అదే: బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, యాసిడ్ మాత్ర. కష్టమైన కోర్సే. నోరంతా ఇనుము నాకినట్టుండి కాఫీ కూడా సయించలేదు. టెట్రాసైక్లిన్ వేసుకునే వేళకు పాలు, పెరుగు కూడదన్నారు. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది! నాలుక, మలం నల్లబడేసరికి హడలిపోయింది. అది బిస్మత్ రంగేనని డాక్టరు చెప్పారు. అయితే పుండు ఉన్నవాళ్లకు నల్లటి విరేచనంతో పాటు కళ్లు తిరగడమో, లేదా నెత్తురు వాంతో ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. కోర్సయ్యాక చేయించిన బ్రెత్ టెస్టు (ఊపిరితో చేసే పరీక్ష) నెగిటివ్ వచ్చింది.

ఇంతకీ మీకు చేసింది ఏ టెస్టు? రక్తంలో యాంటీబాడీలు (బ్యాక్టీరియా మీద మన ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు) చూసేదైతే బ్యాక్టీరియా పోయాక కూడా నెలల తరబడి పాజిటివ్ చూపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడకండి. యూరియా బ్రెత్ టెస్టుగానీ, మలంలో బ్యాక్టీరియా ఆనవాళ్లు చూసే యాంటిజెన్ టెస్టుగానీ చేయించాలి. అదీ యాంటీబయాటిక్స్ ఆపిన 4 వారాల తర్వాత, పాంటోప్రజోల్ లాంటి యాసిడ్ మాత్రలు డాక్టరుకు చెప్పి 2 వారాలు మానేశాక. అప్పుడూ పాజిటివే అయితే పాత మందుల చీటీలన్నీ తీసుకుని గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంది, దాని గురించి కూడా అడగండి.