కార్లు, మనుషుల ఫొటోలకు లక్షన్నర లెన్స్ కొనిపెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి రాజమండ్రిలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. కెనాన్ 1500డి కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. కార్లు, మనుషుల ఫొటోలు తీయడాన్నే వృత్తిగా పెట్టుకుంటానంటున్నాడు. అందుకు 70-200 ఎఫ్/2.8 లెన్స్ ఉండి తీరాలట, లక్షన్నర అవుతుందట. ఈఎంఐలో కొనిపెట్టమని పట్టుబట్టాడు. చదువు ఏమైపోతుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: మీవాడు అడిగింది మంచి లెన్సే. (లెన్స్ పేర్లలో 18-55, 70-200 లాంటివి మిల్లీమీటర్లు, అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది, స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది.) కానీ ఇప్పుడు వద్దు. ఈఎంఐలో అసలే వద్దు. ఊరికే వద్దంటే వినే వయసు కాదు కాబట్టి, ఎందుకు వద్దో అబ్బాయిని కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చదవండి.

ముందు డబ్బులు ఎవరిస్తారో చూద్దాం. కార్ల ఫొటోగ్రఫీ అనగానే పిల్లల కళ్ల ముందు కంపెనీల ప్రకటనలు మెదులుతాయి. అవి పెద్ద ఏజెన్సీల చేతుల్లో ఉండే పనులు. మీ ఊళ్లో డబ్బిచ్చేది షోరూంలు, సెకండ్‌హ్యాండ్ కార్ల డీలర్లు, కార్లకు మెరుగుపెట్టే డిటైలింగ్ షాపులవాళ్లు, తన బండి పక్కన నిలబడి ప్రీవెడ్డింగ్ షూట్ చేయించుకునే పెళ్లికొడుకు. వీటిలో సగం పనుల్లో కారు పక్కన మనిషి ఉంటాడు. నన్నడిగితే ముందు మనుషుల కోసం లెన్స్ కొనాలి. నిలబడి ఉన్న కారుకు మీ దగ్గరున్న 18-55 చాలు.

నమ్మబుద్ధి కాకపోతే లెక్క చూడండి. 1500డిలో సెన్సార్, అంటే ఫొటోను పట్టే చిప్, చిన్నది; అందుకే దృశ్యం 1.6 రెట్లు కత్తిరించినట్టు వస్తుంది, దీన్నే క్రాప్ అంటారు. 50 ఎంఎం పెడితే, పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 80 పెట్టినట్టు కనిపిస్తుంది. స్విఫ్ట్ లాంటి నాలుగు మీటర్ల లోపు కారును పక్కనుంచి, అటూ ఇటూ కాస్త ఖాళీ వదిలి తీయాలంటే 50 దగ్గర సుమారు 11 మీటర్లు వెనక్కి జరగాలి. 70-200ని 70 దగ్గరే ఉంచినా 15 మీటర్లు దాటుతుంది. షోరూం లోపల అంత జాగా ఎక్కడ? వీధిలో అయితే మధ్యలోంచి ఆటోలు పోతుంటాయి. అలాగని కారు ఫ్రేములో పట్టడం లేదని 18 దగ్గర పెట్టి, ముందుకెళ్లి తీస్తే హెడ్‌లైటు గుమ్మడికాయంత, వెనక చక్రం గారె అంత పడతాయి. దగ్గరికి వెళ్తే ఏ లెన్సైనా అలాగే చూపిస్తుంది. వెనక్కి జరిగి, 45-55 మధ్య పెట్టి, హెడ్‌లైటు ఎత్తుకు వంగి, ట్రైపాడ్ మీద ఎఫ్/8తో తీయమనండి. ముందు చక్రాన్ని కాస్త తిప్పి ఉంచితే అల్లాయ్ డిజైన్ కెమెరా వైపు కనిపిస్తుంది. డీలర్‌కు కావాల్సింది అదే.

కార్ల కోసం కొనాల్సింది ఏదైనా ఉందంటే అది పోలరైజర్ ఫిల్టర్, ఫొటోగ్రాఫర్లు సీపీఎల్ అంటారు. కారు ఒళ్లంతా అద్దమే కదా. నల్ల కారైతే మరీను, ఆకాశం, కరెంటు తీగలు, ఫొటో తీస్తున్న మీవాడు, అందరూ అందులో కనిపిస్తారు. ముందద్దం వైపు చూస్తూ ఫిల్టర్‌ను మెల్లగా తిప్పుతుంటే ఒకచోట చెట్టుకొమ్మల ప్రతిబింబాలు తగ్గిపోయి లోపలి స్టీరింగ్ బయటపడుతుంది. క్రోమ్ దగ్గర మాత్రం దాని పప్పులుడకవు. ఇంకో చిక్కుంది. ఈ కెమెరాతో వచ్చే 18-55 ఐఎస్ 2 లెన్స్ ముందు భాగం ఫోకస్ అవుతున్నప్పుడు తిరుగుతుంది, దాంతోపాటు ఫిల్టర్ కూడా. కాబట్టి ముందు ఫోకస్ చేసుకుని, తర్వాత ఫిల్టర్ తిప్పాలి. ఫిల్టర్ సైజు 58 ఎంఎం. రేపు కెనాన్ 85 ఎఫ్/1.8 కొన్నా అదే ఫిల్టర్ సరిపోతుంది.

ఇక మనుషులు. కెనాన్ ఈఎఫ్ 50 ఎఫ్/1.8 ఎస్‌టీఎం కొనిపెట్టండి. పదివేల రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. నిలువెత్తు మనిషికి ఐదు మీటర్ల దూరం చాలు, తల నుంచి ఛాతీ దాకా అయితే ఒకటిన్నర మీటరు. అదే 85 అయితే నిలువెత్తు ఫొటోకు ఎనిమిది మీటర్లు దాటాలి. ఫుల్‌ఫ్రేమ్ వాడేవాళ్లు 85ని మెచ్చుకుంటే అది వాళ్ల కెమెరాకు సరైన మాట, మీవాడి కెమెరాకు 50 ఆ పని చేస్తుంది.

అయితే 50 చేతికి రాగానే పిల్లలు ఎఫ్/1.8 దగ్గరే ఆగిపోతారు, వెనకంతా మసక కావాలని. కొత్త కారు డెలివరీ రోజు ఎలా ఉంటుందో తెలిసిందే. బానెట్ మీద కుంకుమ బొట్లు, దండ, చక్రాల కింద నిమ్మకాయలు, తాళంచెవి పట్టుకుని బానెట్ పక్కన ఇంటి యజమాని, ఒక అడుగు వెనక ఆయన భార్య. ఐదు మీటర్ల నుంచి ఎఫ్/1.8తో తీస్తే స్పష్టంగా వచ్చేది 70 సెంటీమీటర్ల లోతు మాత్రమే. ఆయన కళ్లు బాగుంటాయి, ఆవిడ ముఖం కాస్త మసకబారుతుంది, కారు పేరు చదవడం కష్టమవుతుంది. ఎఫ్/5.6కి వెళ్తే ఆ లోతు రెండు మీటర్లు దాటుతుంది, అందరూ వస్తారు. ఆ ఫొటోకు డబ్బిచ్చేవాళ్లలో షోరూం కూడా ఉందని మీవాడు గుర్తుపెట్టుకోవాలి.

కదిలే కార్లకు టెలిఫోటో, అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే లెన్స్, కావాలన్న మాట నిజమే. దానికి 55-250 లాంటి చవక లెన్స్‌తో, పగటి వెలుతురులో, 1/60 సెకను షట్టర్‌తో కారు వెంట కెమెరా తిప్పుతూ సాధన చేయొచ్చు. మొదట్లో చాలా ఫొటోలు పోతాయి, పోనివ్వండి. వేరే కారు డిక్కీ తెరిచి కూర్చుని హైవే మీద తీసే రోలింగ్ షాట్లకు మాత్రం మీరు గట్టిగా అడ్డం చెప్పండి.

చదువు విషయం. ఫొటోగ్రఫీలో డిగ్రీ కావాలనుకునేవాళ్లకు హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ ఉంది. ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి చేరే నాలుగేళ్ల కోర్సు అది. రెండో ఏడాదిలో ఉన్న బీకాం వదిలేసి అందులోకి వెళ్లమని నేను చెప్పను. కొటేషన్ వేయడం, అడ్వాన్స్ తీసుకోవడం, జీఎస్టీ లెక్క చూసుకోవడం రాక చితికిపోయిన మంచి ఫొటోగ్రాఫర్లు ఎంతమందో. మీవాడికి ఆ ముక్క కాలేజీలోనే దొరుకుతోంది. డిగ్రీ పూర్తి చేయనివ్వండి. ముహూర్తాల రోజుల్లో ఊళ్లో పేరున్న పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా పంపండి. ముందు లైట్ స్టాండ్లే మోయిస్తారు, మోయనివ్వండి. మనుషులను నిలబెట్టడం, మాటల్లో పెట్టడం అక్కడే వస్తుంది.

ఈలోగా 70-200 అవసరమైన పని ఏదైనా వస్తే ఆ ఒక్కరోజుకు అద్దెకు తెచ్చుకోమనండి. అద్దెను బిల్లులో కలిపి పార్టీ దగ్గరే తీసుకోవాలి. ఒక సీజన్‌లో అద్దె ఖర్చు లెన్స్ ధరలో మూడోవంతుకు చేరితే అప్పుడు కొనే మాట ఆలోచించండి, అదీ వాడి సంపాదనతో.

అప్పుడైనా సెకండ్‌హ్యాండ్ చూడండి. 2018లో కెనాన్ తన కొత్త కెమెరాలకు ఆర్ఎఫ్ మౌంట్ (లెన్స్ తగిలించే అమరిక) తెచ్చాక చాలామంది, మీవాడి కెమెరాకు పట్టే పాత ఈఎఫ్ లెన్స్‌లు అమ్మేస్తున్నారు. అవి కెనాన్ అడాప్టర్‌తో కొత్త ఆర్ సిరీస్ బాడీల మీద కూడా పనిచేస్తాయి, రేపు కెమెరా మార్చినా డబ్బులు గంగపాలు కావు. కొనేముందు వెనకనుంచి సెల్‌ఫోన్ టార్చ్ కొట్టి లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూసుకోవాలి. గోదావరి గాలి తగిలే ఊరు మీది, తేమ ఎక్కువ. ఇప్పుడున్న 18-55ని కూడా గుడ్డ సంచిలో కాకుండా, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టమనండి.