చీటీలో ‘రెస్ట్’ అని ఉంటే చాలదు

ప్రశ్న: విజయవాడ గవర్నర్‌పేటలో ఓ చీరల దుకాణంలో మూడేళ్లుగా సేల్స్‌లో ఉన్నాను. జీతం 14,000. ఇప్పుడు నాకు గర్భం 24వ వారం. బీపీ 144/92 ఉందని డాక్టరు మాత్రలిచ్చి, చీటీ మీద ‘రెస్ట్’ అని రాశారు. నాది ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే పని. ఓనరుగారేమో ‘కాన్పయ్యాక రా, అప్పటిదాకా జీతం లేదు’ అంటున్నారు.
– ఓ పాఠకురాలు

జవాబు: ‘రెస్ట్’ అంటే మంచం దిగొద్దని ఇంట్లోవాళ్లు, దుకాణానికి రావద్దని ఓనరు అర్థం చేసుకుంటారు. రెండూ తప్పే. రోజంతా పడుకుంటే బీపీ అదుపులోకి వస్తుందన్న ఆధారం లేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి సరిగ్గా రాయించుకోండి: జబ్బు పేరు, ఎన్నో వారం, కాన్పు అంచనా తేదీ, ఏకధాటిగా ఎంతసేపు నిలబడొచ్చు, రోజుకు ఎన్ని గంటలు పని చేయొచ్చు, స్టూలెక్కి పై అరల్లోంచి కట్టలు దించకూడదన్న మాట. అది చూపించి బిల్లింగ్ కౌంటర్ అడగండి. ఆషాఢం సేల్ రోజుల్లో ఒప్పించడం కష్టమే, అయినా అడిగేది రాతపూర్వకంగా అడగండి. ఒక కాపీ మీద దుకాణం వాళ్ల సంతకం, తేదీ వేయించుకోండి.

ఎక్కువసేపు నిలబడే పని వద్దని అడిగే హక్కు చట్టంలో ఉంది కానీ, అది కాన్పుకు పది వారాల ముందు, అంటే దాదాపు 30వ వారంలో మొదలవుతుంది. మీకింకా ఆరు వారాలుంది. అందుకే డాక్టరు రాసిచ్చే కాగితం మీద అంత పట్టు.

ఇక జీతం సంగతి. పే స్లిప్‌లో 105 రూపాయలు కోత ఉందేమో చూడండి. 14,000కు 0.75 శాతం అంతే, అది ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) చందా. ఈఎస్ఐ వర్తించే సంస్థల్లో నెలకు 21,000 దాకా జీతగాళ్లు దాని కిందికి వస్తారు. కూర్చునే పని ఇవ్వకపోతే ఈఎస్ఐ డాక్టరు చేత అనారోగ్య సర్టిఫికెట్ రాయించుకోండి. బయటి డాక్టరు కాగితాలు వెంట తీసుకెళ్లండి కానీ వాటి మీదే ఆధారపడొద్దు. చందా కట్టిన రోజులు సరిపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. మీకు 32వ వారం దాకా కావలసింది 56 రోజులే. అక్కణ్నుంచి పూర్తి జీతంతో 26 వారాల ప్రసూతి సెలవు. కాన్పుకు ముందు ఎనిమిది వారాలకు మించి వాడలేరు. ముందు వాడనివి తర్వాతికి జమవుతాయి. గర్భం వల్లో, నెలలు నిండకుండా పుట్టడం వల్లో జబ్బు చేస్తే అదనంగా ఇంకో నెల. బీపీ ఉన్నవాళ్లకు కాన్పు ముందే చేయాల్సి రావచ్చు, ఆ నెలను బిడ్డ కోసం దాచుకోండి.

ఇంట్లో బీపీ చూసుకుంటే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాకే చూడండి. 160/110 వచ్చినా, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, డొక్కల కింద కుడివైపు నొప్పి ఉన్నా మర్నాటికి ఆగకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: గుంటూరు నుంచి రోజూ బస్సులో విజయవాడ వెళ్లి ఓ కంపెనీలో పనిచేస్తాను. జీతం 32,000. ఇరవయ్యో వారం స్కాన్‌లో మాయ (ప్లాసెంటా) కిందికి ఉందన్నారు. రాజీనామా చేసేయమంటోంది అమ్మ.
– ఓ పాఠకురాలు

జవాబు: చేయకండి. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందిలో మాయ పైకి జరుగుతుంది. 32వ వారం దగ్గర మళ్లీ స్కాన్ చేస్తేగానీ తేలదు. ఇప్పుడు రాజీనామా చేస్తే పూర్తి జీతంతో వచ్చే 26 వారాలు పోతాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో, కాన్పు అంచనా తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే ఆ జీతం కంపెనీయే ఇవ్వాలి. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోని నియమం ఇది. ప్రసూతి సెలవులో ఉండగా తీసేస్తే చెల్లదు, కార్మిక శాఖలో ఫిర్యాదు చేయొచ్చు. మీరే సంతకం పెట్టిన రాజీనామాకు మాత్రం ఆ రక్షణ దొరకదు.

ప్రయాణం మాటకొస్తే, బస్సులో సీటు దొరికితే ఫర్వాలేదు, నిలబడి వెళ్లొద్దు. ఇంటి నుంచి పని అడిగి చూడండి. నొప్పి లేకుండా రక్తం కనిపిస్తే, కొంచెమే అయినా, ఎక్కడున్నా దగ్గర్లో రక్తనిధి ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. స్కాన్ రిపోర్టు, మీ బ్లడ్ గ్రూప్ కాగితం ఎప్పుడూ బ్యాగ్‌లోనే ఉంచుకోండి. లోపలి పరీక్ష చేయబోతే మాయ కిందికి ఉందని ముందే చెప్పండి.