రాజమౌళా, శేఖర్ కమ్ములా? ముందు టీవీ మ్యూట్ చేసి చూడండి

ప్రశ్న ఇదీ: ఈ మధ్య చూసిన సినిమాల్ని బట్టి చెప్పాలంటే రాజమౌళి, శేఖర్ కమ్ముల, రామ్‌గోపాల్ వర్మల్లో ఎవరు గొప్ప దర్శకులు?

వసూళ్ళు చెప్పినా, హీరో పేరు చెప్పినా దర్శకుడి గురించి ఏమీ చెప్పనట్టే. కథ చెప్పినా అంతే. రాజమౌళి సినిమాలకి ఎక్కువగా కథ ఇచ్చేది వాళ్ళ నాన్నగారు విజయేంద్రప్రసాద్. దర్శకుడి పనితనం బయటపడేది రెండే చోట్ల: బొమ్మని ఎక్కడ కోశాడు (ఒక షాట్ ఆపి ఇంకోటి ఎక్కడ మొదలుపెట్టాడు), చెవికి ఏం వినిపించాడు. ఆ రెంటినీ విడివిడిగా పరీక్షించాలి.

మొదటిది మ్యూట్ పరీక్ష. ఇద్దరు దర్శకుల నుంచి ఒకే రకం సీన్లు తీసుకోండి. ఫైటుని మాటల సీనుతో పోలిస్తే లెక్క పనికిరాదు, పాటలు అసలే వద్దు. 3 నిమిషాల ముక్క ఎంచుకుని, సౌండ్ పూర్తిగా తీసేసి, షాట్ మారినప్పుడల్లా కాగితం మీద ఒక గీత పెట్టండి. 180ని గీతల సంఖ్యతో భాగిస్తే ఒక్కో షాట్ సగటున ఎన్ని సెకన్లుందో వస్తుంది. మాటల సీన్లో 5, 6 సెకన్లు వస్తే నటుల్ని నమ్మిన దర్శకుడు. 2 కన్నా తక్కువ వస్తే నమ్మలేదనే నా తీర్పు. లెక్క తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. కెమెరాని విసురుగా తిప్పినప్పుడు ఆ విసురులో దాచిన కట్ కంటికి ఆనదు. పేలుళ్ళలో వచ్చే తెల్లటి ఫ్రేముని కట్ అనుకుని అదనంగా ఒక గీత పెట్టేస్తాం. అనుమానం ఉన్న చోట వెనక్కి వెళ్ళి సగం వేగంలో చూడండి.

దీనికి ముందు టీవీ సెట్టింగుల్లో ఒక పని ఉంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కొత్త టీవీలు మధ్యలో లేని ఫ్రేముల్ని పుట్టించి కదలికని నున్నగా చేసేస్తాయి. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్ అని కంపెనీకో పేరుంటుంది. అది ఆపకపోతే ఏ దర్శకుడి సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది. పిక్చర్ మోడ్ 'వివిడ్' నుంచి 'సినిమా'కి మార్చండి.

మ్యూట్ పరీక్షలో రాజమౌళికి ఎదురు లేదు. 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్‌లో రైలు వంతెన సీను చూడండి. నదిలో మంటల మధ్య పిల్లాడు, వంతెన మీద ఒకడు, కింద ఒకడు. ఇద్దరికీ పరిచయం లేదు, సైగలతోనే మాట్లాడుకుంటారు. గుర్రం, మోటారు బండి, తాడు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే మన కళ్ళకి అప్పజెప్పి, తర్వాతే వాటిని కదుపుతాడు. ఎంత వేగంగా కోసినా ఎవరు ఏ వైపు ఉన్నారో ఒక్క క్షణం కూడా తికమక రాదు. పెద్ద ఫైట్లు తీసేవాళ్ళలో చాలామంది తప్పేది ఇక్కడే. ఎడమ నుంచి వస్తున్న హీరో తర్వాతి షాట్లో కుడి నుంచి వస్తాడు, చూసేవాడి బుర్ర అర సెకను ఆగిపోతుంది, దెబ్బ బలం అక్కడే పోతుంది.

శేఖర్ కమ్ముల సినిమాలు ఈ పరీక్షలో వెనకబడతాయి. ఆయనవి కళ్ళు మూసుకుని వినాలి, అదే రెండో పరీక్ష. ఫిదా (2017)లో బాన్సువాడ అమ్మాయిగా సాయిపల్లవి తన గొంతుతోనే తెలంగాణ మాట పలికింది. ఇంకొకరి గొంతు అతికించి ఉంటే ఆ పాత్ర నిలిచేది కాదని నేను గట్టిగా అంటాను. గొంతు విరిగే చోటు, ఊపిరి తీసుకునే చోటు ముఖంతో కలిసి నడుస్తాయి. కుబేర (2025)లో ధనుష్ మీద కూడా తొందరపడకుండా కెమెరా నిలిపాడు. కాకపోతే 3 గంటల నిడివిలో రెండో సగంలో పరుగుల సీన్లు సాగదీసినట్టున్నాయి. ఛేజింగు ఆయన బలం కాదు.

రెండు పరీక్షల్లోనూ నిలిచేది మాత్రం రామ్‌గోపాల్ వర్మ తీసిన శివ. 1989 అక్టోబరులో వచ్చిన సినిమాని 2025 నవంబరు 14న 4కేలో, చుట్టూ, పైనుంచీ కూడా వినిపించే అట్మోస్ సౌండుతో మళ్ళీ వదిలారు. చూడని కుర్రవాళ్ళు చూడాలి. హీరో శివ సైకిల్ చెయిన్‌ని చేత్తో పీకే సీనే తీసుకోండి. సైకిల్ షాపులో అడిగితే చెప్తారు: మామూలు సైకిల్ చెయిన్లో సుమారు 112 లింకులు, ఒక్కోటి అర అంగుళం, మొత్తం నాలుగున్నర అడుగులకి పైనే. లింకుకీ లింకుకీ ఉక్కు పిన్ను బిగించి ఉంటుంది. విడదీయాలంటే లాక్ దగ్గర చిన్న క్లిప్పుని ప్లయర్‌తో నెట్టాలి. చేత్తో లాగితే రాదు. అయినా హాల్లో ఎవరికీ ఆ అనుమానం రాదు. అప్పటిదాకా శివని గొంతు పెంచని మనిషిగా చూపించాడు కాబట్టి. ఆ ఓపిక తెగిన క్షణాన్ని ఇనుము చేత చెప్పించాడు. గొలుసు పిడికిలికి చుట్టుకునేసరికి డైలాగు అవసరమే లేదు. అదే సినిమాలో ఛేజింగులకి స్టెడీక్యామ్ వాడారు. ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి. కెమెరాని మోసే ట్రాలీకి పట్టాలు పరవాలి, మెట్ల మీదా మలుపు తిరిగే సందుల్లోనూ అది కుదరదు. ఒంటికి కట్టుకునే స్టెడీక్యామ్ అయితే పరిగెత్తేవాడి వెంట మనమూ పరిగెడతాం. హైదరాబాదు గల్లీ అంత దగ్గరగా అనిపించడానికి కారణం అదే.

ఇక అసలు బాధ. మన దగ్గర ఎక్కువ సినిమాలకి మాటలు షూటింగు అయిపోయాక డబ్బింగ్ థియేటర్లో చెప్తారు. అక్కడ మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది. తెర మీద మనిషి పొలం అవతలి గట్టున నిలబడి ఉంటాడు, గొంతు మాత్రం మన చెవిలో చెప్పినట్టు వస్తుంది. దూరపు షాట్లో గొంతు బరువు తగ్గించి, చుట్టూ గాలి చప్పుడో, గది హోరో కలిపితే అతుకుతుంది. విడుదల తేదీ దగ్గర పడిందని ఆ పని వదిలేస్తారు. పెళ్ళిచూపులు (2016) షూటింగులోనే సింక్ సౌండులో, అంటే నటిస్తున్నప్పుడే, మాటలు పట్టారు. తలుపు ఇరుక్కుపోయి ఇద్దరూ గదిలో చిక్కుకున్న సీనులో ఆ గది కొలత చెవికి తెలుస్తుంది. దర్శకుడు తరుణ్ భాస్కర్ రాసిన మాటలు అంత సహజంగా ఉండటానికి సగం కారణం అదే.

సింక్ సౌండు కష్టమే. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. జనరేటరు బండిని వీధి చివరికి పంపాలి. పట్టుచీర కింద మైకు పెడితే రాపిడి చప్పుడొస్తుంది. సీను అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి 30 సెకన్లపాటు ఉత్త గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి. అది లేకపోతే ఎడిటింగులో రెండు మాటల మధ్య గొయ్యి పడుతుంది. ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ పక్కన హారన్ల మధ్య ఇది తలనొప్పి అని తెలుసు. కానీ పాటకి కోట్లు పెట్టేవాళ్ళు దీనికి రెండు రోజులు ఇవ్వకపోవడం అన్యాయం.

థియేటర్ల సంగతి ఇంకా ఘోరం. మాటలు, పాటలు, చప్పుళ్ళు కలిపే మిక్సింగ్ చేసేటప్పుడు సౌండ్ ప్రాసెసర్ మీద వాల్యూమ్ 7 దగ్గర పెట్టి చేస్తారు. కొన్ని హాళ్ళలో దాన్ని 5కి దించేస్తారు. ఎవరైనా చెవులు నొస్తున్నాయన్నా, స్పీకర్లు పాతబడినా అదే మందు. ఫైట్లు ఎలాగూ వినిపిస్తాయి, చచ్చిపోయేది గుసగుసలే. అప్పుడు కమ్ముల సినిమా నీరసంగా ఉందని రాస్తారు. మాటలు వచ్చేది తెర వెనక మధ్య స్పీకరు నుంచి. అది మూగబోయినట్టుంటే ఇంటర్వెల్లో మేనేజరుకి 'సెంటర్ ఛానల్ తక్కువుంది' అని అదే మాటలో చెప్పండి. 'సౌండ్ బాలేదు' అంటే మొత్తం పెంచేస్తారు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి మూడు రోజులూ పండగే, కాదనను, కానీ ఈలల మధ్య దర్శకుణ్ణి అంచనా వేయలేం. సోమవారం తర్వాత మ్యాట్నీకి వెళ్ళండి. తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండొంతుల దగ్గర, మధ్య సీటు తీసుకోండి. తెరకి 20 మీటర్ల వెనక కూర్చుంటే శబ్దం దాదాపు ఒకటిన్నర ఫ్రేము ఆలస్యంగా అందుతుంది. ఆ కాస్త ఆలస్యాన్ని బుర్ర సర్దుకుంటుంది. గొంతు పెదవుల కన్నా ముందొస్తేనే వెంటనే పట్టుకుంటుంది. ఇంట్లో అయితే బ్లూటూత్ స్పీకరు వద్దు, అందులో శబ్దం ఆలస్యమవుతుంది, వైరు పెట్టండి. టీవీ స్పీకర్లతోనే వింటుంటే యాప్‌లో 5.1 (ఆరు స్పీకర్లకి చేసిన సౌండు) బదులు స్టీరియో (రెండు స్పీకర్లకి చేసింది) ఎంచుకోండి, మాటలు పైకొస్తాయి.